సైకిలుపై సభకేగిన సుందరయ్యగారు

మన దేశమున మనుష్యుని యోగ్యతను అతడు ఎక్కివచ్చిన వాహనమును జూచి నిర్ణయించు వాడుక నేటిది కాదు. పల్లకి దిగినవానికొక మర్యాదయు, గుఱ్ఱపుబండి దిగినవానికొక మర్యాదయు, ఒంటెద్దుబండిలో వచ్చినవానికొక మర్యాదయు, నడచివచ్చినవానికి వీథియరుగును మన పెద్దలు ఏర్పఱచియుండిరి. పల్లకులు పోయినవి, గుఱ్ఱపుబండ్లును పోయినవి, మోటారుకారులు వచ్చినవి, లెక్కమాత్రము మాఱలేదు. కచేరీ వాకిట సైకిలు దిగిన మనుష్యుని బంట్రోతు ఎగాదిగ చూచి పనియేమని యడుగును; కారు దిగినవాడు ఎవడైనను సరే, లేచి నిలుచును. ఈ లెక్కను లక్ష్యపెట్టక, దేశమునకెల్ల పెద్దసభయైన పార్లమెంటునకే సైకిలు తొక్కుకొని పోయి, సభ ముగిసినపిమ్మట ఆ సైకిలుమీదనే యింటికి మరలుచుండిన తెలుగువారొకరు గలరు. వారే పుచ్చలపల్లి సుందరయ్యగారు. వారు గతించి నాలుగు దశాబ్దములైనది.

వారి చరిత్రను ఇప్పుడు తలచుకొనుటకు కారణము గలదు. నగరి, ఏకాంబరకుప్పము, పుత్తూరు మొదలైన మగ్గముల యూళ్ళలో ఒకప్పుడు సైకిలు లేని యిల్లు అరుదు. నూలుకట్టలు వెనుక క్యారియరుమీద బిగించుకొని పోవు నేతపనివాడును, బిందెలు ఇరుప్రక్కల వ్రేలాడదీసికొని వచ్చు పాలవాడును, బడిపంతులును, తపాలబంట్రోతును నగరికొండ ముక్కు నీడన ఒకే త్రోవను, ఒకే తీరు వాహనముమీద పోవుచుండిరి. క్రమముగా మోటారుసైకిళ్ళు వచ్చి ఆ త్రోవను ఆక్రమించుకొన్నవి. అరమైలు దూరమున నున్న దుకాణమునకు సైతము పెట్రోలు కాల్చుకొని పోవుట మర్యాద యయ్యెను. ఇప్పుడు చక్కెరవ్యాధియు రక్తపుపోటును గలవారిని దేహమునకు కొంత పని చెప్పుడని వైద్యులు హెచ్చరించుచుండగా, పెట్రోలు ధర సంచిని తేలికచేయుచుండగా, పనికి సైకిలుపై పోవుదమా యను తలంపు మరల పలువురకు కలుగుచున్నది. తలంపు కలిగినవారిలో బయలుదేరువారు కొలదిమంది. ఎండకు జంకువారు కొందఱు, దూరమునకు జంకువారు కొందఱు. ఇరుగుపొరుగువా రేమందురో యని జంకువారే హెచ్చు. ఈ మూడవ తెగవారికొఱకే మేమీ చరిత్రను వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. సుందరయ్యగారు కమ్యూనిస్టు పక్షమునకు నాయకులు. వారి రాజకీయములనుగూర్చి మన చదువరులలో పలువురకు వేఱు అభిప్రాయము లుండవచ్చును. వాని మంచిచెడ్డలను తర్కించుట యిచట మా పని కాదు. భూవసతి గల గృహస్థు బిడ్డ ఒకడు తనకు దొరకదగిన వాహనములనెల్ల విడిచి సైకిలును ఎట్లు చేపట్టెను, చేపట్టి ఎంతకాలము విడువకుండెను అనుటయే మాకు కావలసిన సంగతి.

నెల్లూరుజిల్లాలో విడవలూరు చెంత అలగానిపాడు గ్రామమున 1913 మే 1వ తేదీన వారు జన్మించిరి. అది పెన్నానది నీటితో పండు మాగాణిసీమ. మొలగొలుకుల బియ్యమునకు పేరుపడిన ప్రాంతము. పెద్దలు పెట్టిన పేరు వేంకట సుందరరామిరెడ్డి. కలవారి కుటుంబము. పొలము, పశువులు, పాలేర్లు, బండ్లు, దేనికిని కొఱత లేదు. ఆఱవయేటనే తండ్రి పోయెను. అట్టి యింటి కుమారుడు చదువుకొని యుద్యోగము చేయవచ్చును. చదువు వలదనుకొన్నచో ఊరనే యుండి పెత్తనము సాగింపవచ్చును. ఎట్లున్నను, ఊరిలో అడుగు తీసి అడుగు వేయుటకు ఎవరో ఒకరు బండి కట్టుదురు, ఎండకు గొడుగు పట్టుదురు, చేతిసంచి మోయుదురు. మన సీమలోని కామందుల యిండ్లలో పెరిగినవారికి దీని నింకను విస్తరించి చెప్పనక్కఱ లేదు. తన సంచి తాను మోసికొనుట అట్టి యిండ్లలో తప్పుగా నెంచబడునే కాని ఒప్పుగా నెంచబడదు.

చదువు ఆయనను చెన్నపట్టణమునకు చేర్చెను. లయోలా కళాశాలలో చదువుచుండగా 1930లో గాంధీమహాత్ముని ఉప్పు సత్యాగ్రహము దేశమును కదలించెను. అప్పటికి వారికి పదునేడేండ్లు. చదువు విడిచి ఉద్యమమున దిగి చెరసాలకు పోయిరి. పసివయస్సువారగుటచే వారిని బోర్స్టల్ పాఠశాలయం దుంచిరి. జాతీయోద్యమము ఆంధ్రదేశమున ఎందఱనో ఇండ్లనుండి వీథికి తెచ్చినది. వారిలో కొందఱు కొలదికాలమునకు ఇండ్లకు మరలిరి. కొందఱు వకీళ్ళైరి, కొందఱు మంత్రులైరి. సుందరయ్యగారు మరలి వచ్చినది అలగానిపాటికే గాని, మునుపటి యింటి బిడ్డగా రాలేదు. పేరు చివరనున్న కులపుమాటను విడిచి సుందరయ్య యను పేరితో మిగిలిరి. పాలేర్లను, వ్యవసాయకూలీలను కూడగట్టి వెట్టికి ఎదురునిలిచిరి. తమ యింటి పొలమున పనిచేయువారి పక్షమున తామే నిలుచుట యన నెట్టిదో, అప్పటి పల్లె నెఱిగినవారికి తెలియును. బంధువులు అలుగుదురు; సాటి రైతులు వెలివేసినంత పని చేయుదురు.

ఆ దినములలో దక్షిణదేశమున కమ్యూనిస్టు పక్షమును నెలకొల్పుటకు వచ్చిన అమీర్ హైదర్ ఖాన్‌గారు వారికి గురుస్థానీయులైరి. ఆయన పట్టువడి చెరసాలకు పోయినపిమ్మట ఆ పని సుందరయ్యగారి భుజములపై పడెను. 1934లో పక్షపు కేంద్రసంఘమున సభ్యులైరి. 1936లో లక్నోలో వెలసిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో వారొకరు. దానికి సంయుక్త కార్యదర్శిగను పనిచేసిరి. తమ పాలికి వచ్చిన యాస్తిని ఉద్యమమునకు ధారపోసిరి. భూమిని అమ్మి ధనమును పరులకిచ్చిన రైతుబిడ్డను మన యూళ్ళలో ఏమందురో మేము వ్రాయనక్కఱ లేదు. అదంతయు వారికిని వినబడియే యుండును.

ఇచట సైకిలునుగూర్చి కొంచెము చెప్పవలెను. ఏలయన, చేతిలో భూమియు బండియు లేక, పల్లెలు తిరుగుటయే పనిగా గల మనుష్యునకు 1930లనాడు దానిని మించిన సాధనము లేదు. రెండు సమచక్రములును, వెనుక చక్రమునకు గొలుసును గల నేటి తీరు సైకిలు 1885లో ఇంగ్లాండునందు స్టార్లీ యను నాతడు కల్పించినది. గాలి నింపిన రబ్బరు చక్రమును 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు సిద్ధపఱచెను. ఈ రెండును కలిసినపిమ్మట సామాన్యుని కాలికి మూడింతల బలము వచ్చినట్లయ్యెను. నడకలో గంటకు 3 మైళ్ళు పోవు మనుష్యుడు, అంతకు మించిన ఆయాసము లేకయే, దానిపై 9 లేక 10 మైళ్ళు పోగలడు. ఎద్దు మేత యడుగును, గుఱ్ఱము దాణా యడుగును, కారు పెట్రోలును డ్రైవరును అడుగును. దీనికి కావలసినది కొంచెము నూనెయు కొంచెము గాలియు మాత్రమే. బండి పోజాలని కాలువగట్టుమీదను, పొలముగట్టుమీదను అది పోగలదు. పోజాలనిచోట భుజమున వైచుకొని దాటవచ్చును. పెన్నా, కృష్ణా, గోదావరి డెల్టాలలో రైతుసంఘముల కార్యకర్తలు దానిని ఎంతగా వాడుకొనిరో ఆ కాలపువారి నడిగిన తెలిసెడిది.

అప్పుడు సైకిలనగా ర్యాలీ, హంబరు, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అను ఇంగ్లీషు సరకే. అది పేదవాని వాహనమని యిప్పుడందుము గాని, ఆనాడు సైకిలు కొన్న గుమాస్తా దానిని బిడ్డవలె తుడుచుకొనుచుండెను. కట్నముక్రింద సైకిలును కోరు పెండ్లికుమారులుండిరి. స్వరాజ్యము వచ్చినపిమ్మటనే మన దేశపు సైకిళ్ళు విరివిగా బయలువెడలినవి. చెన్నపట్టణపు చేరువ అంబత్తూరున కర్మాగారము వెలసెను. నగరినుండి అరక్కోణము మీదుగ పట్టణమునకు రైలుపై పోవు మనవారు ఆ స్టేషనును దాటకుండ పోజాలరు. మనవారు తొక్కిన హెర్క్యులిస్ సైకిళ్ళను చేసినది ఆ యంబత్తూరే. ఊరూర పురపాలక సంఘమువారు సైకిలుపై పన్ను విధించి తగరపుబిళ్ళ నిచ్చుటయు, రాత్రివేళ దీపము లేనివానిని, ఇద్దఱెక్కినవానిని పోలీసుజవాను ఆపుటయు పెద్దలకు జ్ఞప్తియందుండును. అన్నిటిని మించి పంచెకట్టు గృహస్థునకు గొలుసు గండముగా నుండెడిది. పంచె చెఱగు గొలుసునం దిఱుకుకొని నడివీథిని పడినవాని గౌరవము ఏమగునో చెప్పనక్కఱ లేదు. ఇది ముచ్చటకు వ్రాసినది; కథకు వత్తము.

1939 మొదలు 1942 వఱకు పక్షము నిషేధింపబడియుండుటచే సుందరయ్యగారు అజ్ఞాతవాసమున నుండిరి. 1943లో బొంబాయి నివాసినియైన లీలగారిని వివాహమాడిరి. ప్రజాసేవకు అడ్డమగునని తమకు సంతానము వలదని దంపతు లిరువురును నిశ్చయించుకొనిరి. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధపోరాటమునకు వారు ముఖ్యనాయకులలో నొకరు. ఆ పోరాటపు గుణదోషములను గూర్చి గ్రంథములు గలవు. ఆంగ్లమున 1972లో వారు వ్రాసినదియే పెద్దది. 1948 నుండి 1952 వఱకు మరల అజ్ఞాతవాసము. రాత్రులు నడచుటయు, పగలు దాగుటయు, పోలీసులకు గుఱుతు తెలియనీయకుండుటయు ఆ యేండ్లలోని జీవనము.

ఆ 1952లోనే విచిత్రమైన మార్పు జరిగెను. నిన్నటివఱకు ప్రభుత్వము వెదకుచుండిన మనుష్యుడు, మదరాసు రాష్ట్రమునుండి దేశపు ఎగువసభకు ఎన్నికై ఢిల్లీకి పోయెను. ఆ సభ మొదటి సమావేశము 1952 మే 13వ తేదీన జరిగినది. రాజ్యసభ యను పేరు దానికి తరువాత, 1954 ఆగష్టులో వచ్చినది. అందు కమ్యూనిస్టు సభ్యులకు సుందరయ్యగారు నాయకులైరి. వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు.

అప్పటి న్యూఢిల్లీని చదువరులు ఒకసారి మనస్సున నిలుపుకొనవలెను. ఇంగ్లీషువారు తమ వైభవమునకై కట్టుకొన్న నగరము అది. వెడల్పైన రాజవీథులు, ఇరువంకల వేప, నేరేడు, మద్ది మ్రాకులు, మధ్య 144 స్తంభముల వసారాతో గుండ్రని పార్లమెంటు భవనము. 1927లో తెరచిన ఆ భవనముననే 2023 వఱకు మన పార్లమెంటు కూడినది. ప్రొద్దున తొమ్మిది గంటలు దాటినంతనే ఆ వీథులలో రెండు ప్రవాహములు కనబడుచుండెను. ఒకటి సచివాలయమునకు పోవు గుమాస్తాల సైకిళ్ళ ప్రవాహము. వేలకొలది జనులు, క్యారియరుమీద అన్నపుడబ్బా కట్టుకొని, గంటలు మ్రోగించుచు పోవుచుందురు. రెండవది మంత్రుల, పెద్ద యధికారుల, ధనికులైన సభ్యుల కారుల ప్రవాహము; సన్నమైనదే గాని త్రోవ దానిది. సుందరయ్యగారు మొదటి ప్రవాహమున కలిసిరి. ఆ సైకిళ్ళతో పాటు తామును తొక్కుకొని వచ్చి, గుమాస్తాలు సచివాలయపు ద్వారమువైపు తిరుగుచుండగా తాము పార్లమెంటు ద్వారమువైపు తిరిగిరి. క్యారియరుమీద కాగితముల కట్ట. అవి సభలో ఆనాడు అడుగవలసిన ప్రశ్నలును, లెక్కలును.

ఇందులో వింత యేమున్నదని నేటివా రడుగవచ్చును. వింత యున్నది. రాజుల దర్బారులనుండి ఇంగ్లీషు కౌన్సిలులవఱకు మన దేశమున పాలకసభకు పోవుట యనగా ఊరేగింపుతో పోవుట. సభ్యుడు వచ్చుచున్నాడని చూచువారికి దూరమునుండియే తెలియవలెను. ఆ వాకిట సైకిలు దిగు మనుష్యుడు సభ్యుని కాగితములు తెచ్చిన జవానో, ఏదో కార్యాలయపు గుమాస్తాయో యని కాపలావాడు తలచుట సహజము. ఆ తలంపునకు సుందరయ్యగారు సిగ్గుపడలేదు. దానిని తొలగించుటకు ప్రయత్నమును చేయలేదు. అలగానిపాటి మాగాణిలో పాలేర్లతో కూర్చుండి అన్నము తినుటకు వెనుదీయనివారికి, ఢిల్లీలో జవానని యెంచబడుట యవమానముగా తోచకపోవుటలో ఆశ్చర్య మేమున్నది?

సైకిలెక్కుట ఆయనకు వ్రతము కాదనియు, ప్రదర్శనము కాదనియు మా యభిప్రాయము. కొందఱు త్యాగశీలురు తమ త్యాగమును నలుగురు చూచుటకై ఒక వస్తువును పట్టుకొందురు; చూచువారు లేనినాడు దానిని మూలనుంచుదురు. సుందరయ్యగారికి అట్టి యవసరము లేదు. పార్లమెంటు సభ్యులకు 1954లో చేసిన శాసనము ప్రకారము నెలకు 400 రూపాయల జీతమును, సభకు వచ్చిన దినమునకు 21 రూపాయల భత్యమును ఏర్పడినవి. ఆనాటికి అది చిన్న మొత్తము కాదు. కావలెనన్న టాంగాకును టాక్సీకిని చాలును. కాని వారి పక్షమువారి కట్టుబాటు వేఱు. సభ్యుని జీతము పక్షమునకు చేరును. పక్షము పనివానికిచ్చు బత్తెము సభ్యునకు చేరును. ఆ బత్తెముతో బ్రతుకువాడు వాహనమునుగూర్చి రైతు ఎరువునుగూర్చి ఆలోచించినట్లే ఆలోచించును: ఎంత ఖర్చు, ఎంత పని. ఆ లెక్కలో సైకిలు గెలిచినది. అంతే.

ఇంకొక సంగతి. కారు గల సభ్యునకు డ్రైవరు రావలెను, డ్రైవరునకు జ్వరము రాగూడదు, పెట్రోలు ఉండవలెను, తిరుగు ప్రయాణమునకు ఆ బండి ఎక్కడ నిలిచినదో వెదకవలెను. పరుల కారులో పోవువాడు పరుల కాలము ననుసరించి పోవలెను. అంతటితో తీఱునా, పరుల మాటను వినవలెను. ఢిల్లీవంటి చోట, కారు పంపిన షావుకారు రెండవ దినమున కాగితము పంపుట యెఱుగనివారెవరు? తన కాలితో తాను పోవు సభ్యుడు ఎవరి కాలమునకును లోబడడు, ఎవరికిని ఋణపడడు. సభ యెప్పుడు ముగిసిన నప్పుడు గోడకానించిన సైకిలును తీసికొని పోవును. లెక్కలతో మాటలాడువారని, సభకు సిద్ధపడక రారని ప్రతిపక్షులచేతనే పేరు తెచ్చుకొన్న మనుష్యునకు ఆ స్వాతంత్ర్యము విలువగలదిగ తోచియుండును.

ఎండను గూర్చి జంకువారును గలరని పైన వ్రాసితిమి. ఢిల్లీలో బడ్జెటు సమావేశములు వైశాఖపు వడగాలులలోనికి సాగును. శీతకాలపు సమావేశములనాడు ఉదయమున మంచు గ్రమ్మి నాలుగు బారల దూరమున నున్నవాడు కానరాడు. మన నగరియెండ కఱకైనదే. కాని దానికంటె కఱకైన యెండలో ఢిల్లీగుమాస్తాలు ఏండ్ల తరబడి తొక్కిరి. మొదలిడువారికి మొదటి పదిదినములే కష్టము. తొడలు పట్టివేయును, సీటు బాధించును, ఊపిరి చాలదు. సీటును తగినంత ఎత్తున నుంచుకొనక మోకాళ్ళు ముడుచుకొని తొక్కువానికి ఈ బాధ ఇబ్బడి. తొక్కుడుపీట క్రిందికి పోయినప్పుడు కాలు ఇంచుక వంపుతో నిండుగ చాగవలెను. చక్రములలో గాలి చాలకున్నచో బండి రాయివలె లాగును. వారమునకొకసారి గాలి కొట్టించుకొన్నవానికి సగము శ్రమ తీఱును. ఉదయము చల్లనివేళ బయలుదేరి, కార్యస్థానమున మొగము కడుగుకొని, చొక్కా మార్చుకొనుటకు వీలు చేసికొన్నచో చెమటనుగూర్చిన సిగ్గును పోవును. ఇక ఇరుగుపొరుగువారి నోరు నెలదినములకు తానై మూతపడును; వారికి వేఱొక వింత దొరకును.

కథ ఢిల్లీతో ముగియలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. 1955లో శాసనసభకు జరిగిన ఎన్నికలలో కమ్యూనిస్టులు గెలుతురని పలువురు తలచిరి. తీర మొత్తము 196 స్థానములలో వారికి వచ్చినవి 15. ఆ పదునేనింటిలో కృష్ణాజిల్లా గన్నవరము ఒకటి. అచట గెలిచినవారు సుందరయ్యగారు. ఓడిన పక్షమునకు నాయకుడై సభలో కూర్చుండుట సుఖమైన పని కాదు. చుట్టును గెలిచినవారి నవ్వులు. వెనుక తనవారు గుప్పెడుమంది. అట్టి యెడ మనుష్యుని వాడుకలు మాఱుట సహజము. వారి వాడుక మాఱలేదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడి రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు మాఱినపిమ్మట అచటి శాసనసభకును వారు సైకిలుపైననే పోవుచుండిరి.

ఢిల్లీయందువలె హైదరాబాదునందు నేల సమతలము కాదు. రాతిగుట్టల నడుమ కట్టిన నగరము. ఒకచో పల్లము, వెంటనే ఎత్తు. పబ్లిక్ గార్డెన్సు చెంత, నౌబత్ పహాడ్ దిగువనున్న శాసనసభాభవనమును ఏ వంకనుండి చేరవలెనన్నను ఎచటనో ఒకచో సీటునుండి లేచి తొక్కవలసియే యుండును. గేర్లు మార్చు సైకిళ్ళు అప్పుడు మన వీథులలో లేవు. ఇరువది సేర్లకు మించిన బరువుగల నల్లని యినుపబండి, ముందు వెనుక ఊచబ్రేకులు. నలుబది దాటిన వయస్సున దానిని ఎత్తున తొక్కుట చిన్న పని కాదు. మంత్రుల కారులు ప్రక్కనుండి దుమ్ము రేపుచు పోవుచుండును. శాసనసభ్యులకు ఇండ్లును, వాహనమునకు అప్పులును, రాయితీలును పెరిగిన కాలము అది. తనవంటి సభ్యులందఱును కారులలో వచ్చుచుండ, తానొక్కడు సైకిలుపై వచ్చుటకు మొదటిదినము ధైర్యము చాలును. పదియవ సంవత్సరమున కావలసినది ధైర్యము కాదు, అలవాటు. 1962లో మరల గన్నవరము ప్రజలు వారిని ఎన్నుకొనిరి. 1967 వఱకు సభలో నుండిరి.

ఈ నడుమనే పక్షము చీలెను. 1964లో ఏర్పడిన మార్క్సిస్టు పక్షమునకు వారు ప్రధాన కార్యదర్శులైరి. ఆ సంవత్సరము తుదినే ప్రభుత్వము నిర్బంధింపగా 1966 వఱకు చెఱలో గడపిరి. పండ్రెండేండ్లు ఆ పదవిలో నుండి, సహచరులతో అభిప్రాయభేదములు పొడసూపగా 1976లో పదవిని వదలుకొనిరి. అంత పెద్ద పదవిని విడిచినవారు సాధారణముగా ఇంట కూర్చుందురు, లేదా వేఱు పక్షమును పెట్టుదురు. వారు రెండును చేయక ఆంధ్రదేశమునకు మరలివచ్చి పనివారైరి. 1978లో మూడవసారి గన్నవరమునుండి శాసనసభకు ఎన్నికై 1983 వఱకు పనిచేసిరి.

రాయలసీమవారమైన మేము మఱువరానిది వేఱొకటి గలదు. నదుల నీటి లెక్కలనుగూర్చి వారు చేసిన పరిశ్రమ. కృష్ణలో ఎంత నీరున్నది, గోదావరినుండి ఎంత సముద్రమున కలియుచున్నది, ఎచట ఆనకట్ట కట్టిన ఏ మెట్టకు పాఱును అనుదానిని ఇంజనీరువలె గణించి వ్రాసిరి. 1946లోనే విశాలాంధ్రమునుగూర్చి వ్రాసిన పుస్తకమునను ఆ దృష్టియే గలదు. కుశస్థలి ఎండిన దినముల నెఱిగిన నగరి రైతునకు ఈ లెక్కల విలువ తెలియును. ఊళ్ళ ఎత్తుపల్లములను కాలితో తొక్కి తెలిసికొన్నవాడు నీటి నడకను వ్రాయుట యుక్తమే. కారులో పోవువానికి ఎత్తు తెలియదు. సైకిలు తొక్కువానికి మోకాలు చెప్పును.

1985 మే 19వ తేదీన, 72 ఏండ్ల వయస్సున, సుందరయ్యగారు కన్నుమూసిరి. వెనుక భూమి లేదు, ఇల్లు లేదు, సంతానము లేదు. లీలగారు పిమ్మట కొన్నేండ్లు జీవించి పక్షపు పనిలోనే యుండిరి. హైదరాబాదు బాగులింగంపల్లిలో వారి పేర వెలసిన విజ్ఞానకేంద్రమున గ్రంథములు గలవు. చదువుకొనువారు ప్రతిదినమును వచ్చుచుందురు. వారిలో సైకిలుపై వచ్చువారును కొందఱుందురు.